కడపకూ అనంతపురానికీ అసలు తేడా రాత్రి పూట

మే నెల వచ్చిందంటే సీమలో ఎండల పంచాయితీ మొదలవుతుంది. కర్నూలాయన, కడపాయన, అనంతపురమాయన ఒక పెళ్లిలో ఎదురుపడితే చాలు. "యాడన్నా, మా కడపలో పదకొండు దాటితే గడప దాటేకి లేదు" అంటారు ఒకరు. "మీదేం ఎండన్నా, ఒకసారి మా కర్నూలుకు రాండి తెలుస్తాది" అని ఇంకొకరు. అనంతపురమాయన ఇద్దరినీ చూసి నవ్వుతాడు. దేశంలోనే వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో తమదొకటి కాబట్టి ఎండలో తమకు ఎదురే లేదని ఆయన ధీమా. తర్వాత ఫోన్లు బయటికొస్తాయి. ఒకరి ఫోన్లో 41, ఇంకొకరి ఫోన్లో 43, పేపర్లో 44. పంచాయితీ తెగదు.

తెగదు ఎందుకంటే ముగ్గురూ పట్టుకున్నది మూడు వేర్వేరు ప్రశ్నల జవాబులు. నిన్న మధ్యాహ్నం ఎంత కాసిందన్నది ఒక ప్రశ్న. ఇంతవరకూ నమోదైన రికార్డు ఎంతన్నది ఇంకొకటి. ఏటా మే నెలలో మామూలుగా ఎంత ఉంటుందన్నది మూడోది. ఊరికీ ఊరికీ పోలిక పెట్టాలంటే పనికొచ్చేది ఈ మూడోదే, అంటే నెలవారీ సగటు. అయితే ఆ సగటును కూడా విప్పి చూడకపోతే అది ఇంకో రకంగా బోల్తా కొట్టిస్తుంది. ఈ మూడు ఊళ్ల అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే నన్ను ఆపేది మధ్యాహ్నం గడి కాదు, తెల్లవారుజాము గడి. అక్కడికి వస్తాను. ముందు ఈ అంకె ఎక్కడ పుడుతుందో చూడాలి.

తెల్ల పెట్టెలో రెండు గొట్టాలు

వాతావరణ కేంద్రం ఆవరణలో ఖాళీ నేల మీద, నాలుగు కాళ్లపై నిలబెట్టిన తెల్లరంగు చెక్కపెట్టె ఒకటి కనిపిస్తుంది. దాని గోడలు గట్టి పలకలు కావు, ఒకదాని కింద ఒకటి వాలుగా పేర్చిన బద్దలు. గాలి దూరుతుంది, ఎండ దూరదు. తలుపు ఉత్తరం వైపు పెడతారు, తెరిచినప్పుడు కూడా సూర్యుడు నేరుగా లోపల పడకుండా. దీన్ని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. లోపల రెండు థర్మామీటర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి. గరిష్ఠం కొలిచేదాంట్లో పాదరసం ఉంటుంది. గొట్టం మెడ దగ్గర సన్నటి నొక్కు వల్ల, వేడికి ముందుకు సాగిన పాదరసం చల్లబడ్డాక వెనక్కి జారదు. జ్వరం చూసే పాత థర్మామీటరును విదిలించి దించేవాళ్లం కదా, ఏర్పాటు అదే. కనిష్ఠం కొలిచేదాంట్లో ఆల్కహాలు, అందులో ఒక చిన్న గాజు పుల్ల. రాత్రి చల్లబడి ఆల్కహాలు కుంచించుకుపోతూ ఆ పుల్లను వెనక్కి లాక్కుపోతుంది. పొద్దున వేడెక్కి ముందుకు సాగేటప్పుడు మాత్రం పుల్లను అక్కడే వదిలేస్తుంది. పుల్ల ఎక్కడ ఆగిందో అదే ఆ రాత్రి కనిష్ఠం. ఉదయం 8:30కి కనిష్ఠం, సాయంత్రం 5:30కి గరిష్ఠం చదివి పుస్తకంలో ఎక్కిస్తారు. ఇప్పుడు చాలాచోట్ల ఆటోమేటిక్ పరికరాలు వచ్చాయి గానీ, కొలిచే పద్ధతి వెనక ఆలోచన మారలేదు.

అంటే మనం వినే 40, 42 అన్నీ నీడలో, గాలి ఆడే చోట, గాలికి ఉన్న వేడి. ఎండలో నిలిపిన బైకు సీటుదో తారు రోడ్డుదో కాదు. బండి డాష్‌బోర్డు 47 చూపించిందని ఫొటో తీసి పెట్టేవాళ్లు తెలుసుకోవలసింది ఇదే. ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది ఆ బండి ఉన్న చోటి లెక్క. పక్క ఊరి వాతావరణ కేంద్రం అంకెతో దానికి పోటీ పెట్టడానికి లేదు.

రోజు సగటు తీయడం చాలా మోటు లెక్క. గరిష్ఠం, కనిష్ఠం కలిపి రెండుతో భాగిస్తారు. పగలు 40, తెల్లవారుజామున 28 ఉంటే ఆ రోజు సగటు 34. గంటగంటకూ కొలిచి 24తో భాగిస్తే వచ్చే అంకె దీనికి సరిగ్గా సమానంగా ఉండదు, కొంత తేడా వస్తుంది. కాబట్టి ఒక ఊరికి ఈ లెక్క, ఇంకో ఊరికి ఆ లెక్క పెట్టి పోల్చకూడదు. నెలలోని రోజుల సగటులు కలిపితే ఆ నెల సగటు. అలాంటి 30 ఏళ్ల మే నెలలను కలిపి సగటు తీస్తే, ఆ ఊరికి మే నెలలో సాధారణంగా ఉండే ఉష్ణోగ్రత తేలుతుంది. 30 ఏళ్లు ఎందుకంటే, ఒక ఏడు మేలో గాలివానలు ఎక్కువ పడి చల్లబడుతుంది, ఇంకో ఏడు చుక్క రాలదు. రెండు మూడేళ్లు తీసుకుంటే ఆ చాన్సే లెక్కలోకి వస్తుంది, ఊరి స్వభావం రాదు. ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టిన ఆనవాయితీ ప్రకారం ఇప్పుడు వాడుకలో ఉన్న వరస 1991–2020. పాత పుస్తకాల్లో 1961–1990 వరస దొరుకుతుంది. ఒక ఊరికి పాతది, ఇంకో ఊరికి కొత్తది తీసుకుని పోల్చితే తేలేది ఊళ్ల తేడా కాదు, కాలాల తేడా. మన దేశపు సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 లోపు సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ లెక్క. రెండు ఊళ్ల మధ్య తేడాయే ఒక డిగ్రీ అయినప్పుడు ఇది చిన్న మొత్తం ఏమీ కాదు.

మూడు ఊళ్లు, రెండు వరసలు

ఇక మన ఊళ్లకు వద్దాం. మే నెల పగటి గరిష్ఠం సగటున కర్నూలులో 40 చుట్టుపక్కల, కడపలో కూడా 40 చుట్టుపక్కలే. అనంతపురంలో ఒకటిన్నర డిగ్రీ తక్కువగా 38, 39 మధ్య ఉంటుంది. పెళ్లి పంచాయితీలో కర్నూలు, కడప మధ్య తీర్పు చెప్పడం ఎందుకు కష్టమో దీన్నిబట్టే అర్థమవుతుంది. దశాంశాల దగ్గర కొట్లాడుకోవాలి. కరువు జిల్లా అనంతపురం మాత్రం ఈ పందెంలో మూడో స్థానం.

ఇప్పుడు రాత్రి వరస చూడండి. మే నెలలో కడప కనిష్ఠం సగటు 28కి దగ్గర. కర్నూలుది 27 పరిసరాల్లో. అనంతపురంలో 25, 26 మధ్య. కడపకూ అనంతపురానికీ పగటి పూట ఒకటిన్నర డిగ్రీ ఉన్న తేడా తెల్లవారేసరికి రెండు డిగ్రీలు దాటింది. కర్నూలు, కడప పగలంతా సమానంగా ఎండినా, తెల్లవారుజామున కర్నూలు కాస్త ముందుగా ఊపిరి పీల్చుకుంటుంది. చలికాలంలోనూ వరస ఇదే. డిసెంబరు, జనవరిలో కర్నూలు, అనంతపురం రాత్రులు సగటున 17 దాకా దిగుతాయి. కడపలో 19, 20 దగ్గరే ఆగుతాయి.

రెండు డిగ్రీలేగా అనిపించవచ్చు. మిద్దె మీద పడుకునేవాళ్లను అడగండి. పొద్దు గూకగానే బకెట్లతో నీళ్లు తెచ్చి మిద్దె తడుపుతారు. మొదటి బకెట్టు నీళ్లు పోసీపోయగానే ఆవిరి లేచి, రాయి వేడి అరికాళ్లకు తెలుస్తుంది. రెండు మూడు సార్లు తడిపితే గానీ చాప పరవడానికి రాదు. అనంతపురం వైపు పది, పదకొండుకల్లా గాలి తిరిగి దుప్పటి వెతుక్కునే రాత్రులు మేలో కూడా ఉంటాయి. కడపలో తెల్లవారుజాము మూడింటికి కూడా పడక వెచ్చగానే ఉండే రాత్రులు ఎక్కువ. పగటి వేడికి అలిసిన ఒంటికి రాత్రి తెరిపి దొరకకపోతే మర్నాటి ఎండ ఇంకా గట్టిగా తగులుతుంది. వడదెబ్బ సంగతి మాట్లాడే డాక్టర్లు రాత్రి ఉష్ణోగ్రత గురించి అంత పట్టుదలగా చెప్పేది ఇందుకే.

మరి ఈ తేడా ఎక్కణ్నుంచి వచ్చింది? మొదటి కారణం ఎత్తు. కడప సముద్రమట్టానికి 138 మీటర్ల ఎత్తులో ఉంది, కర్నూలు సుమారు 275, అనంతపురం సుమారు 340. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అనంతపురం కడప కంటే 200 మీటర్లు ఎత్తు కాబట్టి ఒక్క ఈ లెక్కలోనే 1.3 డిగ్రీలు తగ్గిపోతాయి. మిగతాది నేల తీరు. కడప నల్లమల, పాలకొండల మధ్య గిన్నె అడుగులో కూర్చున్నట్టుంటుంది. చుట్టూ కొండలు గాలిని అడ్డుకుంటాయి, పగలంతా కాగిన రాతి గుట్టలు రాత్రంతా వేడిని వదులుతూ ఉంటాయి. తూర్పు నుంచి వచ్చే కాస్త తేమ కూడా కడపకే ముందు అందుతుంది. తేమ ఉన్న గాలి నేల వేడిని తొందరగా పైకి పోనివ్వదు. అనంతపురం నేల తెరిపిగా, గాలి పొడిగా ఉంటుంది, ఆకాశం చాలా రాత్రులు నిర్మలంగా ఉంటుంది. పొద్దు పోయాక వేడి ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోతుంది. దీనికి తోడు ఊళ్లు పెరిగేకొద్దీ సిమెంటు, రాయి, తారు పగటి వేడిని దాచుకుని రాత్రి బయటపెడతాయి. పట్టణ విస్తరణ ప్రభావం గరిష్ఠం కంటే కనిష్ఠం మీదే ముందు కనిపిస్తుందన్నది దేశమంతటా చూస్తున్నదే.

ఎత్తు లెక్క మీద నమ్మకం కుదరకపోతే మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ ఎక్కి చూడవచ్చు. అది సుమారు 1,265 మీటర్లు. కడపతో పోలిస్తే 1,100 మీటర్ల పైచిలుకు ఎత్తు, లెక్క ప్రకారం ఏడు డిగ్రీలు చల్లన. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర వేసవి బసకు ఆ కొండ ఎక్కడంలో ఆశ్చర్యం లేదు. కొండకు ఆయన పేరే నిలిచిపోయింది. బెంగళూరు సంగతి కూడా అంతే. అనంతపురం నుంచి నాలుగైదు గంటల బస్సు ప్రయాణం, కానీ 920 మీటర్ల ఎత్తు. ఏప్రిల్‌లో అనంతపురం పగలు 38 దాటి ఉంటే బెంగళూరు 34 దగ్గర. ఎత్తు తేడాకు రావలసింది సుమారు 3.8 డిగ్రీలు, నిజంగా ఉన్న తేడా దానికి అటూఇటూగానే వస్తుంది. బెంగళూరు చల్లదనానికి చెట్లు, చెరువులు అంటూ చాలా చెబుతారు గానీ అందులో పెద్ద వాటా ఎత్తుదే.

కరువు వేరు, ఎండ వేరు

అనంతపురమాయన ధీమా దగ్గరికి ఒకసారి వెళ్లాలి. ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఈ తికమకలో పడతారు. వాన తక్కువ పడే చోట ఎండ ఎక్కువ ఉంటుందని అందరికీ లోపల ఒక నమ్మకం. అనంతపురం జిల్లాకు ఏడాదికి సాధారణ వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర. కడప, కర్నూలు జిల్లాలకు అంతకంటే ఎక్కువే. అయినా ఎండలో అనంతపురం వెనకే ఉంది.

అనంతపురం కరువుకు ఎండ కంటే పెద్ద కారణాలు రెండు. పశ్చిమ కనుమలు దాటి వచ్చేసరికి నైరుతి గాలిలో వాన చాలావరకు అటువైపే కురిసిపోతుంది. ఈశాన్య కాలంలో బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడుతుంది. రెండు వానలకూ తోక దగ్గర ఉన్న ఊరు అది. దానికి మించి గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి అక్కడ ఎలా వీస్తుందో రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టినవాళ్లకు బాగా తెలుసు. ఆ గాలి పగటి ఉష్ణోగ్రతను పెరగనివ్వదు. జూలైలో కడప సగటు గరిష్ఠం 35 దాటి ఉంటే అనంతపురానిది దానికి ఒకటి రెండు డిగ్రీలు తక్కువే. అదే గాలి నేలలోని తడిని పీల్చేస్తుంది. వేరుశనగ విత్తిన రైతు మబ్బు చూసి సంతోషించేలోపు మబ్బు తూర్పుకు వెళ్లిపోతుంది, పడిన నాలుగు చినుకులు సాయంత్రానికి ఆరిపోతాయి. ఒంటికి హాయిగా ఉన్న గాలి పంటకు శత్రువు. ఉష్ణోగ్రతల పట్టిక ఒక్కటే చూసి అనంతపురం కడప కంటే మెరుగైన వాతావరణం అని ఎవరైనా రాస్తే, వాళ్లు ఆ జిల్లా పొలం గట్టు తొక్కలేదని అర్థం.

నెల అనే గడి

సగటు పట్టికల్లో ఇంకో చిక్కు, నెలను తీసుకోవడంలోనే ఉంది. వాతావరణం జనవరి, ఫిబ్రవరి చూసుకుని నడవదు. మన పెద్దలు కార్తెలు లెక్కపెట్టుకున్నారు, ఒక్కో కార్తె పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత అందరికీ వచ్చు. ఆ కార్తె మే 25 ప్రాంతంలో మొదలై జూన్ మొదటి వారం దాటుతుంది. అంటే ఏడాదిలో ఘోరమైన పక్షంలో సగం మే గడిలోకి, సగం జూన్ గడిలోకి పోయింది. తర్వాత వచ్చే మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయంటారు. నైరుతి మన సీమలోకి అడుగుపెట్టేది కూడా మామూలుగా జూన్ మొదటి పక్షంలోనే. కాబట్టి జూన్ గరిష్ఠం సగటు 36, 37 అని రాసి ఉంటే, ఆ నెలంతా అలా ఉంటుందని కాదు. మొదటి వారం 40 దాటి, చివరి వారం 34కు దిగి, రెండూ కలిసి పుట్టిన అంకె అది. జూన్ 5న పెళ్లి ముహూర్తం పెట్టుకున్నవాళ్లు జూన్ సగటు చూసి ధైర్యపడితే షామియానా కింద చుట్టాలు ఊరుకోరు.

ఎండ ఎక్కువ కాసే నెల ఏదన్నది కూడా ఊరినిబట్టి మారుతుంది. మన ఊళ్లకు సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లు: ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం మధ్య ఒకసారి, ఆగస్టు రెండో వారం ప్రాంతంలో ఇంకోసారి. ఆగస్టులో కూడా సూర్యుడు అదే చోట ఉన్నా కర్నూలు పగలు 32, 33 దాటదు. మధ్యలో మబ్బు, తడి నేల అడ్డం పడ్డాయి. వానలే రాకపోతే మనకు ఏడాదిలో రెండు ఎండాకాలాలు ఉండేవి. అనంతపురంలో ఏప్రిల్, మే పగళ్లు దాదాపు సమానంగా ఉండటానికీ ఇలాంటి కారణమే. మేలో సాయంత్రాలు ఉరుములు మెరుపులతో వచ్చే వానలు అటు కన్నడ సీమ వైపు నుంచి ముందుగా తాకి ఎండ తల వంచుతాయి. బెంగళూరులోనైతే ఏప్రిలే శిఖరం, మే వచ్చేసరికి తగ్గుముఖం.

ఢిల్లీలో సంగతి వేరే. అక్కడ సూర్యుడు ఎప్పుడూ సరిగ్గా నడినెత్తికి రాడు, అయినా మే, జూన్‌లలో మనతో సమానంగా కాగుతుంది. పగలు చాలా పొడుగు, వానలు జూన్ చివరి దాకా రావు. చిత్రమేమంటే ఢిల్లీలో పగటి గరిష్ఠం సగటు మే నెలలో కాస్త ఎక్కువ, రోజు సగటు మాత్రం జూన్‌లో ఎక్కువ. జూన్‌లో పగళ్లు ఒక పిసరు తగ్గినా రాత్రులు బాగా వేడెక్కుతాయి. కడప రాత్రుల గురించి పైన చెప్పినదే ఇక్కడా పని చేస్తోంది. 'అత్యంత వేడి నెల ఏది' అని పరీక్షలో అడిగితే, ఏ అంకె ప్రకారం అని ఎదురు ప్రశ్న వేయవలసిందే.

ఏడాది మొత్తానికి ఒకే సగటు తీయడం ఇంకా ప్రమాదం. ఢిల్లీ ఏడాది సగటు 25 దగ్గర, బెంగళూరుది 24 దగ్గర. ఈ రెండంకెలు చూసి రెండూ ఒకేలాంటి ఊళ్లనుకుని జనవరిలో ఒక్క పలచటి చొక్కాతో ఢిల్లీలో దిగితే సంగతి తెలుస్తుంది. అక్కడ జనవరి రాత్రి సగటు 7, 8 డిగ్రీలు, పగలు 20. చలికాలపు 14, ఎండాకాలపు 33 కలిసి పుట్టిన 25 అది. బెంగళూరు 24 ఏడాది పొడుగునా దాదాపు అక్కడక్కడే తిరుగుతుంది. మన కడప ఈ రెంటికీ మధ్య. జనవరి సగటు 25 దగ్గర, మే సగటు 34 దగ్గర, తేడా తొమ్మిది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనం అనుకునేది నిజానికి పెద్దగా లేని చలి గురించే. ఢిల్లీవాళ్లు వింటే నవ్వుతారు.

సముద్రం పక్కన వేరే లెక్క

విశాఖతో పోలిక పెట్టినప్పుడు సగటు పట్టిక పూర్తిగా చేతులెత్తేస్తుంది. మే నెలలో వాల్తేరు గరిష్ఠం సగటు 34 చుట్టుపక్కల, కనిష్ఠం 28. కర్నూలు 40, 27. పగటి ఎండలో ఆరు డిగ్రీల తేడా. కర్నూలులో మార్చి పగళ్లే విశాఖ మే పగళ్లను దాటేస్తాయి. కానీ రోజు సగటు తీస్తే విశాఖ 31, కర్నూలు 33.5, తేడా రెండున్నరకు కుదించుకుపోతుంది. రాత్రి చూస్తే విశాఖే ఒక మెట్టు పైన. ఈ పట్టికలో లేని తేమను కూడా కలిపితే అసలు బొమ్మ కనిపిస్తుంది. మే మధ్యాహ్నం కర్నూలు గాలిలో తేమ 30 శాతం చుట్టుపక్కలకు పడిపోతుంది. విశాఖలో దానికి రెట్టింపు.

అందుకే కర్నూలులో ఎండాకాలం మొదట్లో నాలుగు వేలకో ఐదు వేలకో కూలరు కొని, కిటికీకి గడ్డి చాపలు తడిపి కట్టుకుంటే గది చల్లబడుతుంది. పొడిగాలి నీళ్లను ఆవిరి చేసి, ఆ పనికి కావలసిన వేడిని గదిలోంచే తీసుకుంటుంది. అదే కూలరు విశాఖకు తీసుకెళ్తే గదిలో ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. ఒంటి చెమటకూ ఇదే సూత్రం. కర్నూలులో చెమట కనపడకుండానే ఆరిపోతుంది, దాహం తెలియకుండా ఒళ్లు ఎండిపోతుంది. విశాఖలో చెమట కారుతూనే ఉంటుంది, ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఏది ఎక్కువ బాధ అంటే నా ఓటు ఉక్కపోతకే పడుతుంది, కానీ అది సీమలో పుట్టినవాడి పక్షపాతం అనుకోండి.

నేను విశాఖ అనకుండా వాల్తేరు అని రాసినది గమనించే ఉంటారు. విశాఖలో రెండు చోట్ల కొలుస్తారు, సముద్రానికి దగ్గరగా వాల్తేరు, కాస్త లోపలికి విమానాశ్రయం. వేసవిలో విమానాశ్రయం అంకె ఎక్కువగా ఉండే రోజులే ఎక్కువ. ఢిల్లీలో సఫ్దర్‌జంగ్, పాలం ఉన్నాయి. ఒకే ఊళ్లో రెండు అంకెలుంటే, ఊళ్ల మధ్య ఒక డిగ్రీ తేడా మీద పందెం కాసేముందు ఏ కేంద్రం అని అడగాలి.

పేపర్లో 44 సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. వాతావరణ శాఖ కేంద్రాలు జిల్లాకు ఒకటో రెండో ఉంటాయి. రాష్ట్ర ప్రభుత్వం మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ కేంద్రాలు వందల్లో ఉన్నాయి. 'జిల్లాలో అత్యధికంగా ఫలానా మండలంలో 44.6' అన్న వార్త ఆ రెండో గుంపులోది. పదుల కేంద్రాల్లో అన్నిటికంటే పెద్ద అంకెను ఏరి చెబితే అది ఒక్క కేంద్రం అంకె కంటే ఎక్కువ ఉండి తీరుతుంది. ఇరవై ఏళ్ల కింద ఒక్క కేంద్రం చెప్పిన గరిష్ఠాన్నీ ఇప్పుడు అన్ని మండలాల నుంచి ఏరిన గరిష్ఠాన్నీ పోల్చి ఎండలు నాలుగు డిగ్రీలు పెరిగాయని రాసేస్తున్నారు. ఎండలు పెరిగిన మాట నిజమే, కానీ ఆ నాలుగు డిగ్రీల్లో ఎక్కువ భాగం కేంద్రాల సంఖ్య తెచ్చిపెట్టినది.

ఇంటర్నెట్‌లో దొరికే పట్టికలది మరో కథ. ఊరి పేరు కొట్టగానే పన్నెండు నెలల సగటు చూపించే సైట్లలో చాలావాటికి ఆ ఊళ్లో థర్మామీటరే లేదు. ఐరోపా వాతావరణ కేంద్రంలాంటి సంస్థలు భూగోళాన్ని గళ్లుగా కోసి కంప్యూటరుతో తిరగగట్టిన ఉష్ణోగ్రతలు అవి. బాగా వాడుకలో ఉన్న ఒక రకంలో ఒక్కో గడి వెడల్పు సుమారు 31 కిలోమీటర్లు. అనంతపురంలాంటి తెరిపి నేలకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. కడపకు ఇబ్బందే. అంత వెడల్పు గడిలో పల్లంలోని ఊరూ, చుట్టూ ఉన్న పాలకొండల ఎత్తూ కలిసిపోయి, ఊరు ఉన్నదానికంటే ఎత్తులో ఉన్నట్టు లెక్క వస్తుంది. ఎత్తు పెరిగితే ఉష్ణోగ్రత తగ్గుతుంది కదా. అలాంటి పట్టికలో కడప సగటు నిజానికంటే చల్లగా కనిపిస్తే కారణం అదే. పట్టిక కింద 'పరిశీలన కేంద్రం' అని ఉందా, 'మోడల్ డేటా' అని ఉందా చూసుకుంటే సగం గందరగోళం పోతుంది.

43 కాసినా వడగాల్పు కాని రోజు

ఈ సగటులు సర్కారు పనిలో ఎక్కడ కీలకమవుతాయంటే వడగాల్పుల ప్రకటనలో. మైదాన ప్రాంతంలో గరిష్ఠం కనీసం 40కి చేరాలి, ఆ చోట ఆ కాలానికి సాధారణంగా ఉండేదానికంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. అప్పుడు అది వడగాల్పు. 6.4 కంటే ఎక్కువ తేడా ఉంటే తీవ్ర వడగాల్పు. తీరప్రాంతానికైతే 37 డిగ్రీలు చాలు, 4.5 తేడా మాత్రం ఉండాలి. ప్రకటించడానికి ఒకే వాతావరణ ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో, వరసగా రెండు రోజులు ఇలా ఉండాలి.

ఇప్పుడు లెక్క వేయండి. మే నడుమ కర్నూలులో సాధారణ గరిష్ఠమే 40. అక్కడ 43 కాసినా తేడా మూడే, తేడా లెక్కలో అది వడగాల్పు కాదు. 44.5 కావాలి. వాల్తేరులో సాధారణం 34 అనుకుంటే 39కే ఆ గీత దాటుతుంది. విశాఖలో 39కి వడగాల్పని చెప్పి, కర్నూలులో 43కి ఊరుకున్నారేమని సీమ జనం విసుక్కోవడం ఏటా వింటూనే ఉంటాం. నియమం వెనక ఉన్న ఆలోచన ఏమంటే, ఒక ఊరి జనం, ఇళ్లు, పని వేళలు ఆ ఊరి మామూలు ఎండకు అలవాటుపడి ఉంటాయి, దెబ్బ తగిలేది ఆ అలవాటును మించినప్పుడే. ఉపాధి హామీ పనికి పొద్దున ఆరుకే పోయి పదిన్నరకు తిరిగొచ్చే కర్నూలు కూలీ విషయంలో ఇది కొంతవరకు నిజం. మధ్యాహ్నం రెండింటికి సంచీ భుజానేసుకుని ఇంటింటికీ తిండి పార్సిళ్లు మోసే కుర్రాడి విషయంలో కాదు. ఆ 43 అతనికి ఏ సగటుతోనూ సంబంధం లేకుండా 43 గానే తగులుతుంది.

దీనికి తోడు సగటు అనే గీత కూడా ఒకచోట నిలబడి లేదు. పదేళ్లకోసారి 30 ఏళ్ల కిటికీ ముందుకు జరుగుతుంది. 1991–2020 తర్వాత వచ్చేది 2001–2030. ఎండలు పెరుగుతున్న కాలంలో కిటికీ జరిగిన ప్రతిసారీ సాధారణం అనే అంకె కూడా కొంచెం పైకి ఎక్కుతుంది. అదే 44.5 అప్పుడు తేడా లెక్కలో 4.5 కంటే తక్కువై గీత లోపలే ఉండిపోతుంది. నియమాలు రాసినవాళ్లు ఇంకో దారి కూడా పెట్టడం వల్ల పూర్తిగా చిక్కు రాలేదు: సాధారణం ఎంతైనా సరే, గరిష్ఠం 45కి చేరితే వడగాల్పు, 47కి చేరితే తీవ్ర వడగాల్పు. ఇవి ఏ సగటుకూ కట్టుబడని అంకెలు. వీటిలో ఒక్కటి కూడా రాత్రి ఉష్ణోగ్రత గురించి కాదు. కాబట్టి కడపలో తెల్లవారుజామున 31 ఉండి ఊరంతా నిద్ర లేకుండా దొర్లినా, మధ్యాహ్నం 44 దగ్గర ఆగిపోతే ఆ రోజు వడగాల్పుల జాబితాలోకి రాదు.